పక్షవాతం రోగికి దారి ముందే తేల్చి ఉంచాలి



ఇంట్లో ఒకరికి పక్షవాతం వచ్చిందంటే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట, "ఇక ఆ కాలూ చెయ్యీ అంతే" అని. 1995 దాకా ఆ మాటలో అబద్ధం పెద్దగా లేదు. అప్పటివరకు ఎంత పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లినా, మెదడులో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే మందు ఇదీ అని ధైర్యంగా చెప్పగల స్థితి లేదు. ఆ ఏడాది డిసెంబరులో అమెరికాలో 624 మంది రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. లక్షణాలు మొదలైన 3 గంటల్లోపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తే, మూడు నెలల తరవాత వైకల్యం లేకుండానో, నామమాత్రపు వైకల్యంతోనో బయటపడే అవకాశం కనీసం 30 శాతం పెరుగుతుందని తేలింది. 2008లో యూరప్‌లో జరిగిన మరో పరీక్ష ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచింది. 2015లో ఒకదాని వెంట ఒకటిగా అయిదు పరీక్షల ఫలితాలు వచ్చాయి. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి మెదడులోని పెద్ద గడ్డను బయటికి లాగేయవచ్చని అవి నిరూపించాయి. 2018 నాటికి, మెదడులో కాపాడుకోదగ్గ భాగం ఇంకా మిగిలి ఉందని స్కాన్‌లో కనిపించిన కొందరికి ఈ పద్ధతి 24 గంటల దాకా పనికొస్తుందని కూడా తెలిసింది.

అంటే మందు వచ్చి 30 ఏళ్లయింది. మన దేశంలో ఏటా కొత్తగా పక్షవాతం బారిన పడేవాళ్లు పది లక్షల పైమాటే. వాళ్లలో ఈ ఇంజెక్షన్ దాకా చేరేవాళ్లు చాలా కొద్దిమంది. ఎందుకిలా అని అడిగితే రెండు జవాబులు వినిపిస్తాయి. జనానికి అవగాహన లేదని డాక్టర్లు అంటారు. దగ్గర్లో మంచి ఆసుపత్రి లేదని జనం అంటారు. రెండింట్లోనూ నిజం ఉంది. అయితే అసలు లోటు ఆసుపత్రుల లోపల కన్నా ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య ఎక్కువగా ఉందని నా వాదన. రోగి ఏ ఊళ్లో, ఏ వేళ పడిపోయినా అంబులెన్సు ఎక్కడికి వెళ్లాలి, అక్కడ ఎవరు సిద్ధంగా ఉండాలి, అక్కణ్ణించి పై ఆసుపత్రికి పంపాలంటే ఎవరికి ఫోను చేయాలి అన్నది, ఒక ప్రాంతం మొత్తానికి కలిపి ముందుగానే తేల్చి రాసి పెట్టుకోవాలి. పూర్తిగా తేల్చుకున్న చోట మరణాలు తగ్గాయి. సగం తేల్చి ఊరుకున్న చోట ఆ తగ్గుదల కనిపించలేదు.

ఇంత తొందర దేనికో చూద్దాం. లాస్ ఏంజెలిస్‌కు చెందిన నాడీవైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో ఒక లెక్క కట్టాడు. మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని. అది సగటు, అందరిలో ఒకే వేగంతో జరగదు. ఇప్పుడు మన పల్లెల్లో ఒకదాంట్లో రాత్రి తొమ్మిదింటికి ఒక పెద్దాయనకు మూతి వంకరపోయి, కుడిచెయ్యి లేవడం మానేసిందనుకోండి. ఆర్‌ఎంపీ వచ్చి బీపీ చూస్తాడు. ఎక్కువగా ఉందని నాలుక కింద మాత్ర పెడతాడు. తరవాత మండల కేంద్రానికి తీసుకెళతారు. అక్కడ సీటీ స్కాన్ ఉండదు గనుక సెలైన్ పెట్టి, చీటీ రాసి, జిల్లా కేంద్రానికి పంపుతారు. జిల్లా ఆసుపత్రిలో సీటీ యంత్రం ఉంటుంది గానీ రాత్రిపూట దాన్ని నడిపే టెక్నీషియన్ ఉండకపోవచ్చు. బయట తీయించుకు రమ్మంటారు. ఫిల్ము పట్టుకొచ్చేసరికి దాన్ని చూసి ఇంజెక్షన్ ఇవ్వాలో వద్దో చెప్పేవాళ్లు దొరకరు. మళ్లీ అంబులెన్సు, మళ్లీ హైదరాబాదుకో విజయవాడకో విశాఖకో ప్రయాణం. తెల్లవారేసరికి గడువు దాటిపోతుంది. ఈ వరసలో మెట్టుకు అరగంటో గంటో పోయింది, అంతే. ఎవరూ పని ఎగ్గొట్టలేదు, తమ చేతిలో ఉన్నది చేశారు. ఒక్క ఆసుపత్రిని బాగు చేసినంత మాత్రాన ఈ నష్టం ఆగదని నేను అనడానికి కారణం ఇదే.

దీనికి ఇప్పటిదాకా దొరికిన గట్టి సాక్ష్యం లండన్ నగరానిది. 2010కి ముందు అక్కడ 30 దాకా ఆసుపత్రులు పక్షవాతం రోగులను చేర్చుకునేవి. కొన్నింట్లో వైద్యం చాలా బాగుండేది, కొన్నింట్లో అంతంత మాత్రం. 2010లో ఆ పద్ధతి మార్చారు. మొదటి రోజుల అత్యవసర వైద్యానికి ఎనిమిది ఆసుపత్రులను మాత్రమే ఉంచారు. అక్కడ రాత్రీ పగలూ స్కాన్, నిపుణులు, శిక్షణ పొందిన నర్సులు ఉంటారు. నగరంలో ఎవరు ఎక్కడున్నా అంబులెన్సులో అరగంటలో వీటిలో ఒకదానికి చేరేలా చోట్లు ఎంచారు. పక్షవాతం అని అనుమానం వస్తే చాలు, మధ్యలో ఇంకో పెద్ద ఆసుపత్రి కనిపించినా ఆగకుండా అంబులెన్సు ఈ ఎనిమిదింటిలో ఒకదానికే వెళ్లాలని నియమం పెట్టారు. తొలి గండం గడిచాక ఇంటికి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి మారుస్తారు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, అదే కాలంలో మిగతా ఇంగ్లండులో తగ్గిన మరణాలను మినహాయించి చూసినా, 90 రోజుల్లోపు మరణాలు లండన్‌లో అదనంగా 1.1 శాతం పాయింట్లు తగ్గాయి. 21 నెలల్లో 168 ప్రాణాలన్నమాట. కొత్త మందేమీ రాలేదు. ఉన్న మందు దగ్గరికి రోగిని చేర్చే దారి మారింది, చేర్చిన చోట వైద్యం తీరు మారింది.

లండన్ కథ ఒక్కటే అయితే, ధనిక నగరం గనుక సాధ్యమైందని పక్కన పెట్టవచ్చు. కానీ అదే దేశంలో, అదే ఏడాది, అదే ప్రభుత్వ వైద్య వ్యవస్థలో గ్రేటర్ మాంచెస్టర్ కూడా మార్పు తెచ్చింది. అక్కడ మిగతా ఇంగ్లండు కన్నా అదనంగా మరణాలు తగ్గిన దాఖలా కనబడలేదు. ఎందుకంటే అక్కడ ఒక షరతు పెట్టారు. లక్షణాలు మొదలై 4 గంటలు దాటని రోగులనే కేంద్ర ఆసుపత్రికి తేవాలి, మిగతావాళ్లను మామూలుగా దగ్గరి ఆసుపత్రికే తీసుకెళ్లాలి. పైకి చూస్తే ఇది తెలివైన పొదుపు. ఆచరణలో ఏమైందంటే, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో అంబులెన్సు సిబ్బంది రోగి మంచం పక్కన నిలబడి తేల్చాల్సి వచ్చింది. నిద్రలో వచ్చినవాళ్లూ, ఒంటరిగా ఉన్నవాళ్లూ, మాట పడిపోయినవాళ్లూ గంట చెప్పలేరు కదా. కేంద్రానికి చేరాల్సినవాళ్లలో కూడా చాలామంది చేరలేదు. 2015లో ఆ షరతు తీసేసి, అనుమానం ఉన్న అందరినీ కేంద్రానికే తేవాలన్నారు. ఆ తరవాత 86 శాతం మందికి అక్కడ వైద్యం అందింది, అలా అందినవాళ్లలో మరణాలు తగ్గాయి. నియమం ఎంత సులువుగా ఉంటే అంత బాగా పనిచేస్తుందని దీన్నుంచి నేను తీసుకునే పాఠం. అర్ధరాత్రి రోడ్డు మీద లెక్కలు వేయమనే నియమం కాగితం మీదే మిగిలిపోతుంది.

ఆసుపత్రి గుమ్మం దాటాక ఏం చేయవచ్చో ఫిన్లాండు రాజధాని హెల్సింకీ చూపించింది. రోగి గుమ్మంలోకి వచ్చిన క్షణం నుంచి ఇంజెక్షన్ పడేదాకా 1998లో అక్కడ సగటున 105 నిమిషాలు పట్టేది. 2011 నాటికి అది 20 నిమిషాలకు దిగింది. వాళ్లు చేసిన పనులు వింటే ఆశ్చర్యం కూడా వేయదు, అంత మామూలువి. అంబులెన్సు దారిలో ఉండగానే ఫోను చేస్తుంది. రోగి పేరు, వివరాలు అప్పుడే నమోదైపోతాయి. వచ్చిన రోగిని వార్డుకు కాకుండా అంబులెన్సు స్ట్రెచర్ మీదే నేరుగా సీటీ గదికి తీసుకెళతారు. ఇంజెక్షన్ ఆ గదిలోనే ఇస్తారు. ఆ తరవాత ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలోని ఒక ఆసుపత్రి ఇదే పద్ధతి తెచ్చుకుని, పనివేళల్లో వచ్చే రోగుల విషయంలో కొద్ది నెలల్లోనే 43 నిమిషాలను 25కి దించింది. మన క్యాజువాలిటీల్లో ముందు ఓపీ చీటీ, తరవాత రక్తపరీక్ష, ఆ తరవాత డబ్బు కట్టిన రసీదు, అప్పుడు స్కాన్ అనే వరస ఉంది. ఆ వరసను తిరగేయడానికి కొత్త భవనం అక్కర్లేదు. సూపరింటెండెంటు సంతకం పెట్టిన ఒక ఉత్తర్వు చాలు.

ఇక అభ్యంతరాలు. మొదటిది, న్యూరాలజిస్టులు లేని చోట ఇదంతా ఎలా అన్నది. దీనికి జవాబు మన దేశంలోనే ఉంది. కొండదారుల రాష్ట్రం హిమాచల్ ప్రదేశ్ 2014లోనే సీటీ స్కాన్ ఉన్న జిల్లా ఆసుపత్రుల్లోని మామూలు ఫిజీషియన్లకు శిక్షణ ఇచ్చి, స్కాన్ చిత్రాలను స్మార్ట్‌ఫోన్‌లో వైద్య కళాశాలల్లోని న్యూరాలజిస్టులకు పంపించి, వాళ్ల సలహాతో అక్కడికక్కడే ఇంజెక్షన్ ఇప్పించడం మొదలుపెట్టింది. మందు ఉచితం. మనకు పునాది అంతకన్నా గట్టిగానే ఉంది. దేశానికి 108 సేవ మొదలైంది హైదరాబాదులో, 2005 ఆగస్టు 15న. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుండెపోటు రోగుల కోసం చిన్న ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులకు కలిపే పథకం తెచ్చింది. కింది ఆసుపత్రిలో ఈసీజీ తీసి పైకి పంపితే, పై డాక్టరు చూసి చెప్పగానే టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తారు. పక్షవాతానికి కూడా ఇప్పుడు ప్రపంచం వాడుతున్నది అదే మందు, మోతాదు మాత్రం గుండెకు ఇచ్చేదాంట్లో సగమో ఇంకా తక్కువో. పాత మందును గంటసేపు ఎక్కించాలి. ఇది ఒక్క పోటుతో అయిపోతుంది, రోగిని వెంటనే అంబులెన్సు ఎక్కించవచ్చు. అయితే గుండెకూ మెదడుకూ ఒక తేడా ఉంది, దాన్ని దాచకూడదు. ఈసీజీ యంత్రం పీహెచ్‌సీలో కూడా ఉంటుంది. పక్షవాతంలో నాళం మూసుకుపోయిందో, చిట్లి రక్తం కారుతోందో సీటీ లేకుండా ఎవరూ చెప్పలేరు. రక్తం కారుతున్న మెదడుకు ఈ మందు విషంతో సమానం. కాబట్టి ఇక్కడ తొలి మజిలీ పీహెచ్‌సీ కాకూడదు, రాత్రి కూడా సీటీ నడిచే ఆసుపత్రి కావాలి.

దాని మీద రెండో అభ్యంతరం వస్తుంది. దగ్గరున్న ఆసుపత్రిని వదిలేసి ప్రాణాపాయంలో ఉన్న మనిషిని దూరం మోసుకెళ్లడం న్యాయమా? న్యాయమైన ప్రశ్నే. స్పెయిన్‌లోని కాటలోనియాలో 1,401 మంది మీద దీన్నే పరీక్షించి 2022లో ఫలితం చెప్పారు. పెద్ద నగరాలకు దూరంగా ఉన్న రోగులను ఇంజెక్షన్ ఇవ్వగల స్థానిక ఆసుపత్రికి తీసుకెళ్లినా, గడ్డ లాగే సౌకర్యం ఉన్న దూరపు కేంద్రానికి నేరుగా తీసుకెళ్లినా, 90 రోజుల తరవాత రోగుల స్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి ఆదిలాబాదులో పడిపోయిన ప్రతి మనిషినీ 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు తరలించమని నేను అనడం లేదు. కాకపోతే ఒక మాట గమనించాలి. కాటలోనియాలో స్థానిక ఆసుపత్రి అంటే సీటీ, శిక్షణ పొందిన సిబ్బంది, ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రి. మన దగ్గర వదిలేసి వెళ్లమంటున్నది అలాంటిదాన్ని కాదు, సీటీ లేనిదాన్ని. అక్కడ ఆగడం రోగికి వైద్యం కాదు, ఆలస్యం. జిల్లాకొక ప్రభుత్వ వైద్య కళాశాల ఉండాలని తెలంగాణ పెట్టుకున్న లక్ష్యం ఈ విషయంలో గొప్ప అవకాశం. బోధనాసుపత్రిలో సీటీ ఎలాగూ ఉండాలి, ఫిజీషియన్లు ఎలాగూ ఉంటారు. పాడేరు, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల సంగతి వేరు. అక్కడ రోడ్డే పెద్ద జబ్బు, వాటికి విడిగా లెక్క వేయాలి. సీటీ యంత్రాన్నే అంబులెన్సులో పెట్టి పంపే పద్ధతి జర్మనీలో 2008 నుంచీ ఉంది. బెర్లిన్‌లోనూ హ్యూస్టన్‌లోనూ జరిపిన అధ్యయనాల్లో దానివల్ల మేలు ఉందని 2021లో తేలింది, అస్సాంలోనూ ప్రయత్నించారు. మంచిదే. రిబ్బను కత్తిరించడానికి కూడా బాగుంటుంది. నన్నడిగితే మాత్రం మన మొదటి రూపాయి రాత్రి డ్యూటీ సీటీ టెక్నీషియన్ జీతానికి వెళ్లాలి.

డాక్టర్లు పైకి చెప్పకపోయినా మనసులో పెట్టుకునే అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఇంజెక్షన్ ఇచ్చాక తలలో రక్తస్రావమైతే ఎవరు బాధ్యులు? ఈ భయం ఊహ కాదు. 1995 నాటి పరీక్షలోనే మందు తీసుకున్నవాళ్లలో 6.4 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 0.6 శాతం మందికి అలాంటి రక్తస్రావం జరిగింది. అయినా మొత్తం మీద లాభమే ఎక్కువ. తొమ్మిది పరీక్షల్లోని 6,756 మంది వివరాలు కలిపి 2014లో లెక్క వేస్తే, 3 గంటల్లోపు మందు అందినవాళ్లలో 32.9 శాతం మంది బాగా కోలుకున్నారు, అందనివాళ్లలో 23.1 శాతం. కానీ ఆసుపత్రి ముందు బంధువులు గుమిగూడిన రాత్రి, డ్యూటీలో ఒంటరిగా ఉన్న ఓ యువ డాక్టరుకు ఈ శాతాలు ధైర్యం ఇవ్వవు. "పైకి రిఫర్ చేస్తున్నాం" అనే మాట అందుకే అంత తేలిగ్గా వస్తుంది. ఆ డాక్టరును తిట్టి ప్రయోజనం లేదు. రాష్ట్రం ఆమోదించిన ఒకే రాతపూర్వక పద్ధతి ఉండాలి, ఫోనులో న్యూరాలజిస్టు నిర్ణయంలో పాలు పంచుకోవాలి, బంధువులకు లాభనష్టాలు తెలుగులో వివరించే కాగితం సిద్ధంగా ఉండాలి. అప్పుడు ఆ నిర్ణయం ఒక్క మనిషి భుజాల మీద పడదు.

గడువు దాటి వచ్చేవాళ్లే ఎక్కువ కదా, రక్తం కారిన పక్షవాతం కూడా చాలా ఉంది కదా, వీళ్లందరికీ ఈ ఏర్పాటు దండగే కదా అని ఇంకొందరు అంటారు. ఇక్కడే మనం నర్సులను తక్కువ అంచనా వేస్తున్నాం. 2011లో ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష ఫలితం వచ్చింది. పక్షవాతం వార్డుల్లో నర్సులు మూడు విషయాలు శ్రద్ధగా చూశారు. జ్వరం, రక్తంలో చక్కెర, మింగగలుగుతున్నారా లేదా. అంతే. 90 రోజుల తరవాత, ఇలా చూసిన వార్డుల్లో చనిపోయినవాళ్లూ ఇతరుల మీద ఆధారపడినవాళ్లూ కలిపి 42 శాతం, మామూలు వార్డుల్లో 58 శాతం. దీనికి గడువు లేదు, ఖరీదైన మందూ లేదు. రక్తస్రావం రకానికి కూడా బీపీ, చక్కెర, జ్వరం, రక్తం పలచబరిచే మందుల ప్రభావం అన్నిటినీ త్వరగా అదుపులోకి తెస్తే ఫలితం మెరుగవుతుందని, 7,000 మందికి పైగా రోగులతో, మన దేశం సహా ఎక్కువగా పేద, మధ్యాదాయ దేశాల్లో జరిగిన పరీక్ష 2023లో చూపించింది. కాబట్టి మాంచెస్టర్ చేసిన పొరపాటు మనం చేయనక్కర్లేదు. గడువు దాటిందని ఎవరినీ ఆ దారి నుంచి పక్కకు నెట్టకూడదు.

జనం అవగాహన మాటకొస్తే, అది అక్కర్లేదని నేననను. కానీ పరుగెత్తి రమ్మని చెప్పి, వచ్చినవాళ్లను గుమ్మంలో కూర్చోబెడితే అది అవగాహన అవదు, మోసం అవుతుంది. రెండూ కలిసి నడవాలి. మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నట్టుండి కనిపించినా 108కి ఫోను చేయాలని ఆశా కార్యకర్త నుంచి స్కూలు పిల్లల దాకా తెలియాలి. చేయకూడనివీ చెప్పాలి. పసరు మందుకనీ, పావురం రక్తం పూయించడానికనీ తిప్పకూడదు. నోట్లో నీళ్లు పోయకూడదు, మింగలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ వేయకూడదు. ఇందాక చెప్పిన నాలుక కింద బీపీ మాత్ర కూడా వద్దు. చైనాలో అంబులెన్సులోనే బీపీ తగ్గించి చూసిన పరీక్ష ఫలితం 2024లో వచ్చింది. రక్తం కారినవాళ్లకు అది మేలు చేసింది, నాళం మూసుకుపోయినవాళ్లకు కీడు చేసింది. ఏది ఏదో స్కాన్ చూడకుండా తెలియదు. ఆర్‌ఎంపీలను దూరం పెట్టి లాభం లేదు, పల్లెలో రాత్రి తలుపు తీసేది వాళ్లే. ఆ మాత్ర మాని 108కి ఫోను చేయడం వాళ్లకు నేర్పించడం మేలు.

ప్రభుత్వాలకు నేను చేసే విన్నపం ఒక్కటే. ప్రతి జిల్లాలో రాత్రీ పగలూ సీటీ నడిచే ఒక ఆసుపత్రిని పక్షవాతానికి నిర్ణయించి, దాని పేరు 108 సిబ్బందికిచ్చి, అక్కడ గుమ్మం నుంచి ఇంజెక్షన్ దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో నెలనెలా ప్రకటించండి. శ్రోతలకు కూడా ఒక మాట. మీ జిల్లా ఆసుపత్రిలో రాత్రి రెండింటికి సీటీ తీస్తారా అని మీ ఎమ్మెల్యేను, ఆసుపత్రి అభివృద్ధి సంఘాన్ని అడగండి. ఇంట్లో ఎవరికైనా ఈ లక్షణాలు కనిపిస్తే, ఆ మనిషి చివరిసారి మామూలుగా ఉన్న సమయం ఎంతో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. ఆసుపత్రిలో మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అదే.